ఎయిర్ రైఫిల్‌కు సింథటిక్ స్టాక్ బిగించి, బెడ్డింగ్ చేసుకోవడం ఎలా?

చెక్క స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) తీసేసి సింథటిక్, అంటే ప్లాస్టిక్ స్టాక్ వేసుకున్న వాళ్లందరిదీ ఇంచుమించు ఒకే ప్రశ్న: "కొత్త స్టాక్ వేశాక గురి చెదిరిపోతోంది, ఏం చెయ్యాలి?" శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ మార్పు ఎందుకు చేసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. వానలు మొదలైతే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో మళ్లీ లాక్కుపోతుంది, నిన్నటి గురి ఇవాళ ఉండదు. ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు. కానీ దాని జబ్బులు దానికున్నాయి: వంగుతుంది, స్క్రూ కింద అణిగిపోతుంది, జిగురు పట్టదు. ఆ మూడింటికీ మందు ఏమిటో వరసగా చెప్పుకుందాం. బెడ్డింగ్ అంటే స్టాక్ లోపల ఎపాక్సీ జిగురు పోసి, తుపాకీ ఇనుప భాగం కదలకుండా కూర్చునే అచ్చు చేసుకోవడం.

ఇక్కడ చెప్పేదంతా బ్యారెల్ మడిచి కాక్ చేసే (అంటే పేల్చడానికి సిద్ధం చేసే) 0.177 అంగుళాల (4.5 మి.మీ.) స్ప్రింగ్, గ్యాస్ రామ్ (స్ప్రింగ్ బదులు గ్యాసుతో పనిచేసే) రైఫిళ్ల గురించి. ఆయుధ నియమాలు 2016 ప్రకారం ఆ బోరుకు మించనివి, 20 జౌళ్ల శక్తికి మించనివి అయితే లైసెన్సు అక్కర్లేదు. కాగితం మీదా, డబ్బాల మీదా గురి చూసుకోవడానికే ఇది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. తోటలో కోతుల మీదకో పిట్టల మీదకో పేల్చాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే ఆపెయ్యండి. లైసెన్సు తుపాకుల సంగతి చివర్లో కొద్దిగా చెప్తాను.

1. ముందు జబ్బు స్టాక్‌దేనా అని తేల్చుకోండి

గురి చెదరగానే అందరూ ఎపాక్సీ ట్యూబు కొనేస్తారు. తొందరపడొద్దు. కింది నాలుగూ చూశాకే స్టాక్ దగ్గరికి రండి.

☐ టెలిస్కోప్ మౌంట్ స్క్రూలు బిగువుగా ఉన్నాయా? పేల్చిన ప్రతిసారీ మౌంట్ వెనక్కి జారుతోందా?
☐ స్టాక్ గట్టిగా పట్టుకుని బ్యారెల్‌ని అటూఇటూ కదిపి చూడండి. మడత దగ్గర లూజుంటే ముందు ఆ బోల్టు సంగతి చూడాలి.
☐ బ్యారెల్ వెనక ఉండే రబ్బరు సీలు అరిగిందా?
☐ గుళ్లు ఒకే డబ్బావేనా? బ్రాండు మారితే గుంపు (కాగితం మీద గుళ్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) మారుతుంది, దానికి స్టాక్ ఏం చేస్తుంది?

ఇవన్నీ బాగుండీ, స్టాక్ విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ గుళ్లు పడే చోటు మారుతోందంటే జబ్బు స్టాక్‌దే. కాసేపు పేల్చగానే పక్క స్క్రూలు వదులైపోతున్నా అంతే.

పని మొదలుపెట్టే ముందు 10 మీటర్ల దూరంలో అయిదేసి గుళ్ల గుంపులు కొన్ని కాగితం మీద తీసి, తేదీ వేసి దాచుకోండి. ఇది లేకపోతే తర్వాత బాగైందో, పాడైందో మీకే తెలియదు.

2. కావలసిన సామాన్లు

శ్రీకాకుళం జి.టి.రోడ్డు మీదో, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలో ఉన్న హార్డ్‌వేర్ షాపుల్లో దాదాపు అన్నీ దొరుకుతాయి.

☐ మీ స్క్రూలకు సరిగ్గా సరిపోయే ఆలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు
☐ వెర్నియర్ కాలిపర్ (చవక డిజిటల్‌ది చాలు)
☐ 80, 220 నంబర్ల ఉప్పు కాగితం, చిన్న గుండ్రటి ఆకురాయి, కట్టర్
☐ నెమ్మదిగా తిరిగే డ్రిల్లు, 3 మి.మీ. బిట్టు
☐ నిదానంగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ. అరాల్డైట్ స్టాండర్డ్ లాంటిది, లేదా స్టీలు పొడి కలిపి వచ్చే ఎపాక్సీ పేస్టు
☐ రంగులేని మైనపు షూ పాలిష్
☐ పిల్లలు ఆడుకునే క్లే
☐ మాస్కింగ్ టేపు, ఎలక్ట్రికల్ టేపు
☐ వెనిగర్, పాత బనీను గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు
☐ నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా మరకి వేసే జిగురు)
☐ కాటుక డబ్బా

కాటుక ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ మాత్రం కొనొద్దు. మన ఎండల్లో కలుపుతుండగానే ముద్దకట్టేస్తుంది. ఎం-సీల్ కూడా ఈ పనికి పనికిరాదు. అది పైపుల లీకులు మూయడానికి బాగుంటుంది కానీ, ముద్దలా ఉండటం వల్ల సన్నటి సందుల్లోకి దిగి రైఫిల్ ట్యూబు (లోపల స్ప్రింగ్ ఉండే ఇనుప గొట్టం) ఆకారాన్ని పట్టుకోదు.

3. విప్పే క్రమం

తుపాకీ ఖాళీగా ఉందని, కాక్ అయి లేదని రెండుసార్లు చూసుకోండి. కాక్ అయి ఉంటే స్టాక్ విప్పకూడదు. మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టండి.

ముందు టెలిస్కోప్ తీసేయండి. తర్వాత ముందు భాగంలో రెండు పక్కలా ఉండే స్క్రూలు, చివరగా ట్రిగ్గర్ గార్డు స్క్రూ. తీసిన ప్రతి స్క్రూనీ, వాషర్నీ ఒక అట్టముక్క మీద ఉన్న చోటు గీసి అక్కడే గుచ్చండి. కొన్ని రైఫిళ్లలో ముందు, వెనక స్క్రూల పొడవు వేరువేరుగా ఉంటుంది. పొడవుది తప్పు చోట వేస్తే లోపల ట్యూబును గీకుతుంది.

స్టాక్ నుంచి బయటికొచ్చిన యాక్షన్‌ని (బ్యారెల్, ట్యూబు, ట్రిగ్గర్ కలిసిన ఇనుప భాగాన్ని) అక్కడితో వదిలేయండి. ట్యూబు విప్పే పని మీది కాదు, లోపల స్ప్రింగ్ ఒత్తుకుని ఉంటుంది. స్టాక్ లేకుండా కాక్ చేయడం, ట్రిగ్గర్ నొక్కడం అసలొద్దు. గుండు లేకుండా పేలిస్తే పిస్టన్ నేరుగా గోడకు కొట్టుకుని సీలు దెబ్బతింటుంది.

4. కాటుకతో పొడి అమరిక

కొత్త స్టాక్ లోపల అచ్చులో పోసినప్పటి గీతలు, గుచ్చుకునే అంచులు ఉంటాయి. ముందు వాటిని కట్టర్‌తో తీసేయండి.

ఇప్పుడు ట్యూబు కింది భాగానికి వేలితో కాటుక పల్చగా రాసి, యాక్షన్‌ని స్టాక్‌లో నిటారుగా దింపి, కొద్దిగా నొక్కి, నిటారుగానే పైకెత్తండి. స్టాక్ లోపల నల్లగా అంటిన చోట్లే ట్యూబు ఆనుతున్న చోట్లు. స్టాక్ నల్లదైతే కాటుక కనిపించదు. అప్పుడు ఎర్ర లిప్‌స్టిక్ తీసుకోండి. ఇంట్లో అడిగే తీసుకోండి.

ఎక్కువ స్టాకుల్లో కనిపించేది ఇదీ: ముందు ఒక పక్క చుక్క, వెనక రెండో పక్క చుక్క, మధ్యలో ఏమీ లేదు. అంటే ట్యూబు మూలకు మూల ఆని కూర్చుంది. స్క్రూలు బిగించగానే స్టాక్ మెలితిరుగుతుంది. ఎత్తుగా ఉన్న చుక్కల్ని 220 కాగితంతో కొద్దికొద్దిగా తీసి, మళ్లీ కాటుక పూసి చూడండి. రెండు వైపులా సమానంగా అంటేదాకా ఇదే పని. విసుగు పుట్టించే మెట్టు ఇదే, కానీ ఇది సరిగా చేస్తే సగం మందికి బెడ్డింగ్ అవసరమే రాదు.

ఇదే సమయంలో కాకింగ్ కడ్డీ (బ్యారెల్ మడిచినప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెట్టే కడ్డీ) దారి కూడా చూడండి. యాక్షన్ స్టాక్‌లో కూర్చున్నాక కడ్డీకి రెండు పక్కలా విజిటింగ్ కార్డు సులువుగా తిరగాలి. ఆగితే ఆ పక్క గోడను ఆకురాయితో పల్చన చేయండి.

5. స్క్రూల కింద స్లీవ్‌లు

నా లెక్కలో ప్లాస్టిక్ స్టాక్‌కి బెడ్డింగ్ కంటే ఇదే ముఖ్యం. పక్క స్క్రూల కింద ఉండే కప్పు వాషరు ప్లాస్టిక్ మీద కూర్చుంటుంది. బిగించేకొద్దీ ప్లాస్టిక్ అణుగుతుంది, ప్రతిసారీ పావు చుట్టు ఎక్కువ తిరుగుతుంది. నాలుగు నెలలకి స్క్రూ గుంట కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది.

దీనికి లేత్ షాపులో చిన్న అల్యూమినియం స్లీవ్‌లు (స్క్రూ చుట్టూ కూర్చునే గొట్టం ముక్కలు) తీయించుకోవాలి. స్క్రూ ఎం6 అయితే లోపలి రంధ్రం 6.5 మి.మీ. ఉండాలి. స్క్రూ ఒళ్లు స్లీవ్‌కి ఎక్కడా తగలకూడదు. బయటి మందం మీ స్టాక్‌లో ఉన్న చోటును బట్టి పెట్టుకోండి, 9 నుంచి 10 మి.మీ. సాధారణంగా సరిపోతుంది.

పొడవు దగ్గరే జాగ్రత్త. వాషరు కూర్చునే చోటు నుంచి లోపల ఇనుము దాకా ఉన్న ప్లాస్టిక్ మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. స్లీవ్ దానికంటే ఒక కాగితం మందం, అంటే 0.1 మి.మీ. తక్కువ ఉండాలి. అప్పుడు స్క్రూ బిగిస్తే ప్లాస్టిక్ ఇంచుక నొక్కుకుని, వెంటనే లోహం మీద లోహం ఆగుతుంది. స్లీవ్ పొడవెక్కువైతే స్టాక్ గలగలలాడుతుంది, మరీ పొట్టిదైతే ఉన్నా లేనట్టే. "సుమారుగా తీసెయ్ బాబూ" అని లేత్ షాపు వాళ్లకు చెప్పొద్దు, కొలత కాగితం మీద రాసి ఇవ్వండి.

రంధ్రం పెద్దది చేసేటప్పుడు డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి. వేగం పెంచితే ప్లాస్టిక్ తెగదు, కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. స్లీవ్ బయటి వైపు ఆకురాయితో గీతలు పెట్టి, ఎపాక్సీ రాసి, మైనం పూసిన స్క్రూ మీదే నిలబెట్టి ఆరనివ్వండి. ట్రిగ్గర్ గార్డు స్క్రూకీ ఇదే పద్ధతి.

6. వేలితో ఒత్తిడి పరీక్ష

స్లీవ్‌లు ఆరాక యాక్షన్ పెట్టి అన్ని స్క్రూలూ బిగించండి. ట్యూబూ స్టాక్ అంచూ కలిసే చోట, రెండింటినీ తాకేలా చూపుడువేలు కొస ఆనించండి. రెండో చేత్తో ఒక్క స్క్రూ వదులు చేయండి. వేలికి ఏ కదలికా తెలియకపోతే బాగున్నట్టు. ట్యూబు పైకి లేచినట్టో, పక్కకు జరిగినట్టో తగిలితే స్టాక్ దాన్ని వంచుతోందన్నమాట. మళ్లీ బిగించి, మిగతా స్క్రూలకూ విడివిడిగా ఇదే చేయండి.

డయల్ గేజ్ దొరికితే ఇంకా మంచిది. 0.05 మి.మీ. లోపు కదలిక ఉంటే ఇంక ముట్టుకోవద్దు. పేల్చి చూడండి, గుంపు బాగుంటే పని అక్కడితో అయిపోయింది. బెడ్డింగ్ చేయాలన్న సరదా ఉన్నా సరే, బాగున్నదాన్ని కెలక్కండి.

7. బెడ్డింగ్‌కి ముందు సన్నాహం

ఈ మెట్టుకి సాయంత్రం మొత్తం పెట్టుకోండి. ఎపాక్సీ పోయడం పది నిమిషాల పని, చెడేదీ బాగుపడేదీ ఇక్కడే.

జిగురు పరీక్ష: స్టాక్ లోపల కనపడని చోట ఉప్పు కాగితంతో రుద్ది, ఒక చుక్క ఎపాక్సీ వేసి 24 గంటలు వదిలేయండి. తర్వాత స్క్రూడ్రైవర్ కొసతో లేపండి. టక్కున బిళ్లలా ఊడొస్తే మీ స్టాక్ పాలీప్రొపిలీన్ లాంటి రకం, మామూలు ఎపాక్సీ దానికి అంటదు. గీకినా రాకపోతే నిశ్చింత.

అంటని ప్లాస్టిక్‌కి దారుంది. బెడ్డింగ్ పడే చోట 3 మి.మీ. బిట్టుతో చిన్న గుంటలు ఏటవాలుగా, ఒకటి అటు ఒకటి ఇటు వాలేలా వేయండి. అవతలికి పొడవకూడదు. ఎపాక్సీ ఆ గుంటల్లోకి దిగి గడ్డకడితే ఊడి రాలేదు. పళ్ల డాక్టరు పన్ను నింపే ముందు లోపలి గుంట వెడల్పు చేసినట్టే.

ఎక్కడెక్కడ: ముందు స్క్రూల దగ్గర 4 సెంటీమీటర్ల మేర, ట్రిగ్గర్‌కి సరిగ్గా ముందు 3 సెంటీమీటర్ల మేర. మధ్య భాగం వదిలేయండి. ఆ రెండు చోట్లా ప్లాస్టిక్‌ని 1.5 నుంచి 2 మి.మీ. లోతు తీయండి. అంచుల్లో సన్నటి గట్టు మాత్రం ఉంచండి, ట్యూబు ఎత్తు మారకుండా ఆ గట్టే కాపాడుతుంది. పొర మరీ పల్చనైతే పెళుసై పగులుతుంది.

మూయవలసినవి: ట్యూబు కింద కాకింగ్ పొడవు సందు, స్క్రూ రంధ్రాలు, ట్రిగ్గర్ పెట్టె చుట్టూ ఉన్న ప్రతి కన్నం. క్లేతో నింపి, ట్యూబు వంపుకి సమంగా కట్టర్‌తో చెక్కండి. ఎపాక్సీ ఏదైనా కన్నంలోకి దూరి గట్టిపడితే యాక్షన్ స్టాక్‌లో శాశ్వతంగా బిగిసిపోతుంది.

ఎత్తు గీత: ట్యూబు గుండ్రం కదా, దాని చుట్టుకొలతలో సగానికి పైన ఎపాక్సీ వెళ్తే పట్టుకుంటుంది, వదలదు. సగం ఎత్తుకు కాస్త కిందే రెండు పక్కలా ఒక్కో పొర ఎలక్ట్రికల్ టేపు వేయండి. తర్వాత టేపు తీసేస్తే ఆ మేర సందు మిగిలి యాక్షన్ తేలిగ్గా ఎక్కి దిగుతుంది.

మైనం: ఎపాక్సీ తగిలే, తగలడానికి అవకాశమున్న ప్రతి లోహం మీద షూ పాలిష్ పల్చగా రాసి, ఆరాక గుడ్డతో తుడిచి, ఇంకో పూత వేయండి. స్క్రూల మరలకి కూడా. మైనం మర్చిపోయిన చోటు తర్వాత మీకు చాలా కాలం గుర్తుంటుంది.

పోసే ముందు చివరిసారి:

☐ యాక్షన్ మైనం పూతతో ఒకసారి పెట్టి తీసి చూశారా?
☐ అన్ని కన్నాలూ మూశారా?
☐ స్టాక్ బయటి అంచులకు మాస్కింగ్ టేపు వేశారా?
☐ వెనిగర్, గుడ్డలు చేతికందే దూరంలో ఉన్నాయా?

8. ఎపాక్సీ కలిపి పోయడం

ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు పని పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం కలిపితే చేతిలో ఉండగానే బిగిసిపోతుంది. ముసురు పట్టిన రోజు కూడా వద్దు. తేమకి పైన జిగటగా ఒక పొర ఏర్పడుతుంది.

రెండు ట్యూబుల నుంచీ పొడవు గీతలు సమానంగా తీసి, రంగు ఒకటయ్యేదాకా కలపండి. గడ్డ త్వరగా పడుతుందని హార్డెనర్ ఎక్కువ వేసేవాళ్లున్నారు. దానివల్ల త్వరగా పడదు సరికదా, ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. మరీ జారుడుగా ఉంటే కొద్దిగా టాల్కమ్ పౌడరు కలపండి. పైకి లాగితే కొస నిలబడేటంత చిక్కదనం రావాలి.

గుంటల్లో ముందు పుల్లతో గుచ్చి నింపండి, గాలి బుడగలు చేరకుండా. తర్వాత పైపొర వేయండి. యాక్షన్‌ని నిటారుగా, ఒకే ఊపులో దింపండి. పక్కల నుంచి సన్నగా ఎపాక్సీ పొంగి రావాలి. రాకపోతే తక్కువైనట్టు.

ఇక్కడే చాలామంది పని చెడగొట్టుకుంటారు. స్క్రూలు గట్టిగా బిగించకండి. యాక్షన్‌ని తిన్నగా నిలబెట్టడం వరకే వాటి పని, వేళ్లతో తిప్పితే ఆగే బిగువు చాలు. గట్టిగా బిగిస్తే స్టాక్ వంగి, ఆ వంకరే అచ్చులా గడ్డకడుతుంది.

పొంగినదాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచి, తుపాకీని సమతలంగా పెట్టి కదపకుండా వదిలేయండి. గంట తర్వాత స్క్రూల్ని ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ అదే చోటికి తెస్తే అవి అంటుకోవు.

9. విడదీయడం

24 గంటలు ఆగండి. అప్పుడు స్క్రూలు పూర్తిగా తీసి, స్టాక్ ముందు భాగం కింద అరచేత్తో తట్టండి. రాకపోతే రబ్బరు సుత్తితో మెల్లగా. బ్యారెల్ పట్టుకుని మీటకండి, మడత బోల్టు వంగుతుంది.

అయినా రాకపోతే ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్కలు వేసి, బెడ్డింగ్ ఉన్న చోట ట్యూబు మీద అరగంట పెట్టండి. లోహం ముడుచుకుని చిటుక్కుమని వదులుతుంది. తర్వాత తడి పూర్తిగా తుడవాలి.

యాక్షన్ బయటికొచ్చాక టేపులు, క్లే తీసి, పైన జిగట పొర ఉంటే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, అంచుల్లో పొడుచుకొచ్చిన ఎపాక్సీని కట్టర్‌తో చెక్కేయండి. ట్యూబు ఆనిన చోటు అద్దంలా ఉండాలి. అక్కడక్కడా చిన్న బుడగ గుంటలుంటే ఫర్వాలేదు. పెద్ద ఖాళీ ఉంటే దాన్ని గరుకు చేసి, మళ్లీ మైనం రాసి, ఆ మేరకే ఎపాక్సీ వేయండి.

10. చివరి బిగింపు, గురి

మూసే ముందు ట్యూబు బయటి వైపు నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో స్టాక్ చాటున పట్టే తుప్పు పైకి కనిపించదు. నూనె మాత్రం పూతగానే ఉండాలి, కారకూడదు. గాలి ఒత్తుకునే గదిలోకి దిగితే అది లోపల మండి పొగ, పెద్ద చప్పుడు వస్తాయి.

పక్క స్క్రూలు రెండూ పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. తర్వాత ట్రిగ్గర్ గార్డుది. తయారీదారు చెప్పిన టార్క్ తెలిస్తే అంతే పెట్టండి. తెలియకపోతే ఆలెన్ కీ పొట్టి కొసను రెండు వేళ్లతో తిప్పితే ఆగేంత. మరకి థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క. ముందు మరల మీది మైనం పూర్తిగా తుడవాలి, లేకపోతే అది పట్టదు.

గుండు వేయకముందే చూడవలసినవి:

☐ ట్రిగ్గర్ ఎక్కడా తగలకుండా కదులుతోందా?
☐ సేఫ్టీ పడుతోందా?
☐ కాకింగ్ కడ్డీ గోడలకు రాసుకోకుండా వస్తోందా?

10 మీటర్ల దగ్గర, వెనక గుళ్లు ఆపే దళసరి పెట్టె పెట్టి, పాత డబ్బాలోని అవే గుళ్లతో అయిదేసి గుంపులు తీయండి. కళ్లద్దాలు తీయొద్దు. ముందు భాగాన్ని తెరిచిన అరచేతిలో వదులుగా ఆనించండి. స్ప్రింగ్ రైఫిల్‌ని బిగించి పట్టుకుంటే ఎంత మంచి బెడ్డింగ్ చేసినా వృథా. యాభై గుళ్లయ్యాక స్క్రూలు చూసి, పాత కాగితాలు పక్కన పెట్టి పోల్చండి.

11. తేడా వస్తే

గుంపు చిన్నదైంది కానీ వేరే చోట పడుతోంది: ఇది మామూలే. టెలిస్కోప్ సర్దుకోండి.

గుంపు రెండుగా చీలుతోంది: వేలి పరీక్ష మళ్లీ చేయండి. ఎక్కువసార్లు పక్క టేపు తీయడం మర్చిపోయి ఉంటారు, లేదా వెనక స్లీవ్ పొడవెక్కువ.

పేల్చినప్పుడు స్టాక్ లోపల గలగల: ప్లాస్టిక్‌కి అంటక బెడ్డింగ్ ముక్క ఊడింది. దాన్ని తీసేసి, ఏటవాలు గుంటలు పెంచి మళ్లీ పోయాలి.

బెడ్డింగ్ గోరుతో గీస్తే గీత పడుతోంది: కలపడంలో తేడా. ఎన్నాళ్లు ఆగినా గట్టిపడదు, మొత్తం గీకి మళ్లీ చేయడమే.

12. లైసెన్సు ఉన్న రైఫిల్ అయితే

.22 గానీ, .30-06 లాంటి పెద్దవి గానీ ఇంట్లో విప్పి ఈ పని చేయకండి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం మరమ్మతు పనికీ లైసెన్సు కావాలి. అది ఉన్న గన్‌స్మిత్ దగ్గరకే తీసుకెళ్లండి. అయితే అతనితో ఏం మాట్లాడాలో తెలిసి ఉండాలి.

పెద్ద రైఫిల్లో ఎదురుదెబ్బనంతా మోసేది రికాయిల్ లగ్, అంటే యాక్షన్ కింద పొడుచుకొచ్చిన ఇనుప దిమ్మ. దాని వెనక ముఖం బెడ్డింగ్‌కి పూర్తిగా ఆనాలి. ముందు, పక్కలు, అడుగు మాత్రం తగలకూడదు. అందుకే ఆ మూడు వైపులా టేపు వేసి పోస్తారు. బ్యారెల్ స్టాక్‌కి తగలకుండా తేలాలి, కింద కాగితం మడత చివరిదాకా జారాలి. రెండు స్క్రూలకూ పిల్లర్లు (పైన చెప్పిన స్లీవ్‌ల లాంటివే) వేస్తున్నాడా, లగ్ ముందు టేపు వేస్తున్నాడా అని అడగండి. ఈ రెండింటికీ నీళ్లు నమిలితే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.